పెట్టెలో నేమున్నదో పెట్టెయే చెప్పుట



ఎర్రగడ్డ యనగానే రాయలసీమవారికి ఉల్లిగడ్డ జ్ఞప్తికి వచ్చును. హైదరాబాదువారికి మానసిక చికిత్సాలయము స్ఫురించును. వాదమున ఓడిపోవుచున్నవాడు ఎదుటివానిని ఎర్రగడ్డకు పంపవలెననుట ఆ నగరమున పరిపాటి. నేను చెప్పబోవునది ఈ రెండును కాదు. జూబిలీహిల్సు శాసనసభా నియోజకవర్గమున చేరిన ఎర్రగడ్డ పేటలో, బొంబాయి రహదారి ప్రక్కన, ఆదివారమునాడు పాతసామానుల సంత కూడును. సినిమావారి ఫిల్మునగరు అక్కడికి కొలదిమైళ్ల దూరముననే యున్నది గాని, ఆ తళుకు ఈ సంతలో కానరాదు. గోనెపట్టాలపై పాత ఫోనులు, తీగెలు, మిక్సీలు, కంప్యూటరుల అవయవములు కుప్పలుగా పోసి అమ్ముదురు.

ఒక ఆదివారమునాడు నా మనుమరాలి చదువునకై అక్కడ నొక పాత ల్యాప్‌టాపును బేరమాడుచుంటిని. దానిపై కాగితపు చీటీ ఏనాడో ఊడిపోయెను. అమ్మువాడు ముప్పదియేండ్ల యువకుడు. "ఎనిమిది జీబీ ర్యామ్ సార్, బ్యాటరీ మంచిగున్నది. కంపెనీలకెల్లి మూటల వచ్చింది, మాకెట్ల వస్తే అట్ల అమ్ముతం. మీరే చూసుకోండి" అనెను. కొత్తదాని ధరలో నాలుగవవంతు అడుగుచుండెను. అంతసొమ్మును మాటమీద నిచ్చుటయా, మానుటయా? నాయొద్ద లినక్సు అనెడి ఆపరేటింగు సిస్టమును నింపిన చిన్న పెన్‌డ్రైవు ఉండెను. దానిని గ్రుచ్చి యంత్రమును లేపితిని. నీలో నేమేమి యున్నవని అడిగితిని. అది చెప్పెను. ఏమి చెప్పినదియు తుదిని మనవి చేసెదను. తన కడుపులోని సంగతిని యంత్రము తానే చెప్పుకొనుట ఎప్పుడు నేర్చెను, ఎట్లు నేర్చెను అనునదియే నేటి ప్రసంగవిషయము.

కంప్యూటరునందు పాటలు పాడించునది, చిత్రములు చూపునది, జమాఖర్చులు వ్రాయునది మొదలైన ప్రోగ్రాములు అనేకము లుండును. ఇవి యేవియు యంత్రభాగములను తమచేతులతో తాకరాదు. తాకినచో ఒకదాని పని మరియొకటి చెరచును. కావున నడుమ నొక పెద్ద యుండును. దానికి కెర్నెలని పేరు. ఇంగ్లీషున ఆ మాటకు గింజలోని పప్పు అని యర్థము. ఏ భాగము ఎక్కడ నున్నది, దానితో ఏ రీతిని మాటలాడవలెను, ఇప్పుడు దానిని ఎవరు వాడుకొనుచున్నారు అను లెక్క యంతయు కెర్నెలు చేతిలో నుండును. ప్రోగ్రాములు అడిగి తెలిసికొనవలసినదే.

మీకిది క్రొత్త ఏర్పాటు కాదు. ఆంధ్రప్రదేశమున 1984లో తీసివేయువరకు మన గ్రామములలో కరణముండెను; తెలంగాణమువారు పట్వారి యనిరి. ఏ సర్వే నంబరు ఎవరిది, ఎన్ని ఎకరములు, నీరున్నదా లేదా, అన్నియు ఆయన దస్త్రమున నుండెడివి. భూమి మనది, లెక్క ఆయనది. ఆ దస్త్రమును చూపుమని అడుగుటకు ఎన్నిమార్లు ఆయన అరుగుమీద కాచుకొని కూర్చుంటిరో మీకు నేను చెప్పనక్కరలేదు. కెర్నెలు చరిత్రయును ఈ ప్రశ్నచుట్టునే తిరిగినది: దస్త్రము ఉండుట ఒకటి, దానిని అడిగినవానికి చదువవచ్చిన మాటలలో చూపుట మరియొకటి.

మనవారినుండియే మొదలిడుదును. పశ్చిమగోదావరి మండలమున మోగల్లు గ్రామమున 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు ఎలక్ట్రానిక్సు శాస్త్రజ్ఞులు. 1967లో హైదరాబాదున స్థాపింపబడిన భారత ఎలక్ట్రానిక్సు కార్పొరేషను, అనగా ఈ.సి.ఐ.ఎల్., వారి పెంపకమున పెరిగినది, నేటి ఏ.ఎస్.రావు నగరు వారి పేరిటిదే. బొంబాయి ట్రాంబేలో 1969లో సిద్ధమైన టి.డి.సి.-12 అనెడి కంప్యూటరును, అటుపిమ్మట టి.డి.సి.-312, 316 అనువానిని ఈ సంస్థ తయారుచేసెను. ఆ తరపు యంత్రములకు తగిలించు పరికరములు వ్రేళ్లమీద లెక్కింపదగినవి. ఏది ఏ నంబరు తీగెకు తగిలించినదియు యంత్రమును కట్టినవారే ఎరుగుదురు; ప్రోగ్రాము వ్రాయువాడు ఆ నంబరును వ్రాతలోనే ఇమిడ్చెడివాడు. యంత్రమును అడుగవలసిన అవసరమే లేకుండెను. పది యిండ్ల పల్లెలో ఇంటినంబరులు ఎవరికి కావలెను?

ఆ సంవత్సరముననే, 1969లో, అమెరికాలో బెల్ ప్రయోగశాలయందు కెన్ థామ్సన్, డెనిస్ రిచీ అనువారు యూనిక్సు అనెడి ఆపరేటింగు సిస్టమునకు పునాది వేసిరి. 1971 నవంబరున వెలువడిన దాని మొదటి కైపుస్తకమున ఒక వింత కలదు. కాగితపు టేపును చదువు పరికరము, డిస్కు, టైపు చేయు యంత్రము మొదలైనవానిని 'డెవ్' అనెడి అరలో ఫైళ్లవలె పేర్చిరి. ప్రోగ్రామునకు ఫైలును తెరచి చదువుట వచ్చిన చాలును, పరికరమును చదువుటయు వచ్చినట్లే. నా దృష్టిలో ఈ చరిత్రయందు ఇంతకంటె పెద్ద మలుపు లేదు. పరికరమునకొక భాష, ఫైలునకొక భాష యని వేరుపరుపక, అన్నిటికిని ఒకే తలుపు పెట్టిరి.

అయినను ఆ ఏర్పాటులో నొక లోపము దాగియుండెను. డెవ్ అరలోని పేర్లను యజమాని ముందుగానే వ్రాసి పెట్టవలెను. పేరున్నంతమాత్రమున పరికరమున్నదని నిశ్చయము లేదు. తరువాతి కాలమున ఈ అరలో వేలకొలది పేర్లు పోగుపడెను. వానిలో అధికభాగమునకు లోపల వస్తువే లేదు. పట్టా యున్నది, భూమి లేదు అన్నట్లు.

1981లో ఐ.బి.యం. సంస్థ సొంతవాడుకకు తగిన చిన్న కంప్యూటరును విడుదల చేసిన తరువాత కష్టము మనవంటివారి యింటికి వచ్చినది. ఆ పెట్టెలో ఎవరైనను క్రొత్త కార్డులు గ్రుచ్చవచ్చును. ప్రతి కార్డును కెర్నెలును పిలుచుటకు ఒక పిలుపునంబరు కావలెను. ఆ నంబరులు కొద్ది. రెండు కార్డులు ఒకే నంబరు పట్టినచో రెండును మూగవగును. నంబరును మార్చుటకు కార్డుమీద ఆవగింజంత మూతలను ఒక చీలనుండి తీసి వేరొక చీలకు తొడుగవలెను.

1990ల నడుమ నేనొక కార్యాలయమున ఈ పనిలో మూడు దినములు గడపితిని. శబ్దము వినిపించు కార్డును గ్రుచ్చితిని. అచ్చువేయు ప్రింటరు సగముపేజీలో ఆగెను. రెండును 7వ పిలుపునే పట్టుకొని కూర్చున్నవని మూడవనాటి మధ్యాహ్నమునకు తెలిసినది. ఏ మూతను ఎక్కడ పెట్టిన ఏ నంబరగునో చెప్పు కాగితము కార్డుతోపాటు వచ్చినదే. దానిని ఎవరో టీ గ్లాసు క్రింద వేసి పారవేసిరి. అప్పటి విజ్ఞానమంతయు ఆ తుండుకాగితముననే యుండెను. యంత్రమున్నది, కెర్నెలున్నది, కార్డున్నది. మూటిలో నెవ్వరికిని తామెవరో చెప్పుట తెలియదు.

ఈ మూగతనము 1992లో ఇంటెల్ సంస్థ రూపొందించిన పి.సి.ఐ. అనెడి ఏర్పాటుతో తీరెను. ఇది అమలునకు వచ్చిన పిదప ప్రతి కార్డును 256 బైట్ల చిన్న పలకనొకదానిని తనతో మోసుకొని రావలెను. ఆ పలకలో మొట్టమొదట చేసిన సంస్థ నంబరు, దాని వెంటనే వస్తువు నంబరు. అనగా ఇంటిపేరు, పేరు. యంత్రము లేచునప్పుడు బడిలో హాజరు పిలిచినట్లు ఒక్కొక్క స్థానమును పిలిచి నంబరు అడుగుదురు. ఎవరును లేనిచోట అన్నియు ఒకట్లే తిరిగివచ్చును, అది గైరుహాజరు. ఇంటెల్ సంస్థ తనకు తీసికొనిన ఇంటిపేరు 8086. అది 1978లో వారు చేసిన ప్రసిద్ధ ప్రాసెసరు పేరు. ఇంజనీర్లకును ఇట్టి ముచ్చటలుండును.

అయితే నంబరు వలన మనుష్యునకేమి తెలియును? చెక్ దేశీయుడు మార్టిన్ మారెష్ ఈ నంబరులకెల్ల పేర్లు కూర్చు పట్టికను ఆరంభించెను. ఎక్కడివారైనను తమయొద్ద నున్న కార్డు నంబరును పేరును పంపవచ్చును. పల్లెపల్లెకును ఎన్యూమరేటరులు తిరిగి చేసిన జనాభా లెక్కవలె, ఆ పట్టిక కూలిలేని చేతులవలన పెరిగినది. నేటికిని లినక్సులో 'ఎల్.ఎస్.పి.సి.ఐ.' అని టైపు చేసినవారికి కార్డుల పేర్లు వరుసగా కనబడుట ఆ పట్టిక పుణ్యమే.

1996లో యూఎస్‌బీ వచ్చెను. మీ ఫోనునకు తగిలించు తీగె కొన ఆ జాతిదే. యంత్రము నడుచుచుండగనే తగిలించవచ్చును, పీకవచ్చును. తగిలిన క్షణముననే పరికరము 18 బైట్లలో తన పరిచయమును చెప్పుకొనును. ఇంతటితో పరికరములకు నోరు వచ్చినది. విన్న కెర్నెలు ఆ సంగతిని ఇతరులకు ఎట్లు చెప్పవలెనను ప్రశ్న మిగిలెను.

1991లో ఫిన్లాండు దేశమున లినస్ టోర్వాల్డ్సు అను విద్యార్థి ఆరంభించిన కెర్నెలు లినక్సు. మరుసటి యేట దానిలో 'ప్రోక్' అనెడి అర చేరెను. ఆ భావము లినస్‌ది కాదు; 1984లో బెల్ ప్రయోగశాలవాడైన టామ్ కిలియన్ చెప్పినది. నడుచుచున్న పనులనుకూడ ఫైళ్లుగా చూపవచ్చునని ఆయన నిరూపించెను. ఈ ఫైళ్లు డిస్కుమీద ఎక్కడను లేవు. ఎవరైన తెరచి చదివినప్పుడు కెర్నెలు అప్పటికప్పుడు వ్రాసి యిచ్చును. నిన్నటి నకలు కాదు, ఈ క్షణపు వాఙ్మూలము. లినక్సువారు దీనిని పనులతో ఆపక ప్రాసెసరు వివరములు, జ్ఞాపకశక్తి లెక్క, పిలుపునంబరుల జాబితా మొదలైనవానిని కూడ ప్రోక్‌లో పడవైచిరి. పదేండ్లలో అది అటకవలె నిండిపోయెను. ఒక్కొక్కరు ఒక్కొక్క తీరున వ్రాయుటచే, ఆ ఫైళ్లను చదువు ప్రోగ్రాములు చిన్న మార్పునకే తికమకపడెడివి.

దీనిని సవరించిన కథ నాకు మిక్కిలి ప్రీతి. ల్యాప్‌టాపును మూసినప్పుడు పరికరములను నిద్రపుచ్చవలెను. ఏ వరుసలో? తగిలించిన పెన్‌డ్రైవు నిద్రించిన తరువాతనే దానిని మోయు యూఎస్‌బీ నిద్రింపవలెను. అదియు నిద్రించిన తరువాతనే దానిని మోయు పి.సి.ఐ. బిడ్డలు పండుకొనక ముందు తల్లి పండుకొనరాదు. ఈ వరుస తెలియవలెనన్న కెర్నెలునకు తన పరికరముల వంశవృక్షము తెలిసియుండవలెను. ప్యాట్రిక్ మోషెల్ అనునతడు ఆ వృక్షమును కెర్నెలులో కట్టి, దానిని 'సిస్' అనెడి అరగా అందరికిని కనబడునట్లు చేసెను. 2003 డిసెంబరున విడుదలయైన 2.6వ కూర్పుతో ఇది లోకమునకు వచ్చినది. దానికొక కట్టుబాటు విధించిరి: ఒక ఫైలున ఒకే సంగతి. పరికరమునకొక అర, దాని గుణములకు ఒక్కొక్క ఫైలు, తల్లి అరలో బిడ్డ అర. అటకమీది సామాను అల్మారాలో సర్దినట్లయ్యెను. ఆ సంవత్సరముననే గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ వ్రాసిన 'యుడెవ్' అను ప్రోగ్రాము సిస్‌ను చూచి, నిజముగా నున్న పరికరములకే డెవ్ అరలో పేర్లు పెట్టసాగెను. భూమి లేని పట్టాలు అంతటితో రద్దయినవి.

మీ చొక్కాజేబులోని ఫోనున నేమున్నదని అడుగుదురేమో. 2008లో మొదటి ఫోనుతో అంగడికెక్కిన ఆండ్రాయిడునకు లోపలి పప్పు లినక్సే. అయితే ఫోనులోని భాగములు పెక్కు మూగవి, పి.సి.ఐ. కార్డులవలె హాజరు పలుకవు. ఎక్కడ నేమి అతికించినది ఫోనును చేసినవానికే తెలియును. ఆ సంగతులను కెర్నెలు వ్రాతలోనే దూర్చుచు ప్రతి ఫోనునకు వేరు వేరు వ్రాతలు పుట్టింపగా, 2011లో లినస్‌కు ఓర్పు నశించి గట్టిగా కేకలు వేసెను. అటుపిమ్మట, పూర్వము సన్ సంస్థ యంత్రములందు వాడిన 'డివైస్ ట్రీ' అను పద్ధతిని ఎత్తుకొనిరి. చేసినవాడు భాగముల వంశవృక్షమును వేరొక పత్రమున వ్రాసి జతచేయును. కెర్నెలు లేచినప్పుడు దానిని చదువుకొనును. టీ గ్లాసు క్రింద పోయిన నాటి కాగితము యంత్రములోనికే వచ్చి చేరినదని నాకు తోచుచుండును.

ఇంతవరకు విన్నవారు, ఇక కెర్నెలు చెప్పినదెల్ల వేదవాక్యమని తలపవలదు. కెర్నెలు చెప్పునది పరికరము తన్నుగూర్చి చెప్పుకొనిన మాట. ఒక పట్టణపు అంగడిలో నేను 64 జీబీల పెన్‌డ్రైవు కొంటిని. కెర్నెలును 64 అనియే చూపెను. ఎనిమిది నిండువరకు బాగుగనే యుండెను. ఆపై వ్రాసినదంతయు గాలిలో కలిసెను. ఆ పెన్‌డ్రైవులోని చిన్న చిప్పునకు అబద్ధము నేర్పి పంపిరి. దొంగకుంచము పైనను ముద్ర యుండును గదా. నిండుగా పోసి, మరల కొలిచి చూచినప్పుడే తేలును.

రెండవ చిక్కు మరింత లోతైనది. దస్త్రమును అందరికి తెరచిన మాత్రమున అంతయు మేలే యగునా? 2020 నవంబరులో ఆస్ట్రియాలోని గ్రాట్స్ సాంకేతిక విశ్వవిద్యాలయమువారును వారి సహచరులును ఒక సంగతిని బయటపెట్టిరి. ఇంటెల్ ప్రాసెసరు ఎంత విద్యుత్తు త్రాగుచున్నదో చెప్పు ఫైలు సిస్‌లో కలదు. అప్పటివరకు దానిని ఎవరైనను చదువవచ్చును. ఆ హెచ్చుతగ్గులను ఓపికతో లెక్కించి, ప్రాసెసరు లోపల దాగిన రహస్యపు తాళములను పసికట్టవచ్చునని వారు చూపిరి. పొగను చూచి ఇంటిలో నేమి వండుచున్నారో చెప్పినట్లు! ఆ ఫైలును యజమానికి మాత్రమే చదువుటకు వీలుగా వెంటనే మార్చిరి. ల్యాప్‌టాపు సీరియలు నంబరు చెప్పు ఫైలును యజమానికే పరిమితము. ఆండ్రాయిడుకూడ 2019లో వెలువడిన పదవ కూర్పునుండి ఫోను సీరియలు నంబరును, ఐ.యం.ఇ.ఐ. నంబరును సామాన్యమైన యాపులకు చెప్పుట మానెను. ఆ నంబరు పట్టుకొని మనుష్యుని వెంబడించు వర్తకులు పెరిగిరి. నా మట్టుకు నేను, వస్తువు గుణములు అందరికిని తెలియవలెననియు, వస్తువు గలవాని గురుతులు అడిగినవారికెల్ల ఇయ్యరాదనియు అందును. ఎల్ల ఎక్కడ గీయవలెనో లినక్సు వారును ఒక్కొక్క ఫైలు దగ్గర దెబ్బతినియే నేర్చుకొనుచున్నారు.

ఇక ఎర్రగడ్డకు వత్తము. నేను మొదట ప్రోక్‌లోని జ్ఞాపకశక్తి లెక్కను తెరచితిని. ఎనిమిది జీబీలనగా 83,88,608 కిలోబైట్లు ఉండవలెను. తెరమీద 80 లక్షల చిల్లర మాత్రమే కనబడెను. నా వెనుక నిలిచి తొంగిచూచుచున్న యొక పెద్దమనిషి, "చూచితిరా, మూడు లక్షలు మింగినాడు!" అని బిగ్గరగా అనెను. నలుగురు మూగిరి. యువకుని ముఖము పాలిపోయెను. అతనికి ఆ లెక్క తెలియదు. తాను మోసము చేయలేదని మాత్రము తెలియును.

నిజమునకు అక్కడ మోసము లేదు. కెర్నెలు తన కాపురమునకును, తెరమీది బొమ్మలు వ్రాయు భాగమునకును కొంతచోటు ముందే తీసి, మిగిలినదానినే ఆ లెక్కలో చూపును. ధాన్యము తూచినప్పుడు గోనెతరుగు తీసినట్లు. యజమాని హోదాలో వేరొక పట్టికను చదివి, నాలుగేసి జీబీల ముక్కలు రెండు గ్రుచ్చియున్నవని ఆ పెద్దమనిషికి చూపితిని. ఆయన ఏమియు అనక పాత ఫ్యానుల కుప్పవైపు నడచెను. చదువవచ్చిన దస్త్రమైనను సగము చదివినచో అమాయకుని దొంగను చేయుననుటకు ఆ క్షణమున నాకు చెమట పట్టినది. నేనును మొదట అట్లే తలచితిని.

పిమ్మట సిస్ అరలో బ్యాటరీ ఫైళ్లు రెండింటిని తెరచితిని. పుట్టుకతో పట్టవలసిన శక్తి యొక ఫైలున 4,88,40,000. నేడు పట్టగల శక్తి వేరొక ఫైలున 2,10,90,000. అవి వాట్-గంటలో పదిలక్షలవవంతు లెక్క. సగముకంటెను తక్కువ. డిస్కును అడుగగా అది ఇరువదియొక్కవేల గంటలు పనిచేసితినని ఒప్పుకొనెను. రేయింబవళ్లు నడిచినను రెండేండ్ల నాలుగు నెలల పైమాట.

యువకునికి ఆ రెండు అంకెలను చూపితిని. అతడు చాలసేపు తెరను చూచి, "గిది గా కంపెనోళ్లు నాకు చెప్పలే సార్" అనెను. ఆరువందల రూపాయలు తగ్గించెను. నేను పైకము లెక్కించి యిచ్చుచుండగా, ఆ ఫైళ్ల దారిని తన ఫోనున వ్రాసిపెట్టుమని యడిగి, నా పెన్‌డ్రైవు నకలు ఒకటి పై ఆదివారము తెచ్చి యిత్తునా యని తెలిసికొనెను. తెచ్చి యిచ్చితిని.